మన చందాతో కొన్న గోల్ఫ్ కర్ర

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా పేరు ఎదురుగా "డ్రైవర్ ఎంపిక" అని అచ్చయింది. పొద్దున టిఫిన్ దగ్గర ఇద్దరు మిత్రులు నన్ను పక్కకు పిలిచి, తమకు తెలిసిన మంచి డ్రైవర్ ఉన్నాడని, తాగుడు అలవాటు కూడా లేదని చెప్పారు. వాళ్ల అభిమానానికి కృతజ్ఞతలు. ఇది కారు నడిపే మనిషి సంగతి కాదు. గోల్ఫ్ ఆటలో మొదటి దెబ్బ కొట్టే పొడుగు కర్రను డ్రైవర్ అంటారు. పోయిన ఏడాది మన సంఘం 60 వేల రూపాయలు పోగుచేసి, అట్లాంటి కర్ర ఒకటి కొనే పని నాకు అప్పజెప్పింది. చందా ఇచ్చినవాళ్లకు లెక్క చెప్పడం నా బాధ్యత. రూపాయల లెక్క ఒక్క నిమిషంలో అయిపోతుంది. దేన్ని చూసి ఏది కొన్నామన్న లెక్కకే కొంచెం ఎక్కువ సేపు పడుతుంది.

ముందు ఎవరికోసం కొన్నామో చెబుతాను, కొత్తగా వచ్చిన వాళ్లకు తెలియదు కాబట్టి. నాకంటే పన్నెండేళ్ల తర్వాత ఈ బడిలో చదివిన ఒక తమ్ముడు గద్వాలలో మగ్గం నేస్తాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. అతని కొడుకు ఇంటర్ కాగానే హైదరాబాదు పోయి ఒక గోల్ఫ్ మైదానంలో క్యాడీగా చేరాడు. క్యాడీ అంటే ఆడేవాళ్ల కర్రల సంచి మోస్తూ, బంతి ఎక్కడ పడిందో చూసి చెప్పే పిల్లవాడు. సోమవారాలు అక్కడ సభ్యుల రాక తక్కువ. ఆ రోజు క్యాడీలను ఆడుకోనిస్తారు. అట్లా సోమవారం సోమవారం ఆడి, నాలుగేళ్లలో తాను ఎవరి సంచి మోస్తాడో వాళ్లనే ఓడించే దాకా వచ్చాడు. ఇప్పుడు వృత్తి ఆటగాళ్ల అర్హత పోటీకి తయారవుతున్నాడు. ఎవరో పెద్దమనిషి దయతో ఇచ్చిన పాత డ్రైవరు ముఖం మీద వెంట్రుకంత చీలిక కనబడింది. కొత్తది కొనాలంటే మగ్గం మీద ఎన్ని చీరలు దించాలో మీరే లెక్క కట్టండి.

ధనవంతుల ఆటకు మన చందా ఎందుకని వాట్సాప్ గుంపులో పెద్ద వాదనే నడిచింది. అడగవలసిన ప్రశ్నే అది. మన దేశంలో గోల్ఫ్ పాత ఆట. కలకత్తా క్లబ్బు 1829లో మొదలైంది, బ్రిటిష్ దీవుల బయట అంతకంటే పాతది లేదు. ఆ క్లబ్బులో గడ్డి చూసుకునే మనిషి కొడుకే ఎస్.ఎస్.పి. చౌరాసియా. 2016లో, మళ్లీ 2017లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. 1991లో అదే పోటీ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడు. అంటే సంచి మోసే చేతులకు ఆట రాదనడానికి వీల్లేదు. ఇక మన తెలుగువాళ్ల సంగతికొస్తే, హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లిన తెలుగు దంపతుల కొడుకు సాహిత్ తీగల 2023లో కాలిఫోర్నియాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. మరుసటి ఏడాది ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టుకు ఆడాడు. మన పిల్లవాడి ఫోను తెర మీద ఉన్న బొమ్మ ఆయనదే.

ఆట తెలియని వాళ్లకోసం రెండు మాటలు. మనం చిర్రగోనె ఆడినవాళ్లం. గోనెతో చిర్రను లేపి కొట్టి, పడ్డచోటి దాకా గోనెతో కొలిచేవాళ్లం. ఎంత దూరం పోతే అంత గొప్ప. గోల్ఫ్‌లో దూరం ఒక్కటే చాలదు. మూడు నాలుగు వందల గజాల అవతల ఒక చిన్న గుంత ఉంటుంది, వీలైనన్ని తక్కువ దెబ్బల్లో బంతిని అందులో వేయాలి. పద్దెనిమిది గుంతలు అయితే ఒక ఆట. కొట్టిన బంతి హద్దు దాటి పోతే ఒక దెబ్బ జరిమానా పడుతుంది, పైగా మొదటి చోటికే వచ్చి మళ్లీ కొట్టాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అంగడికి పోతే అమ్మే అబ్బాయి మూడు మాటలు చెప్పాడు. పర్ఫార్మెన్స్, ఫీల్, ఫర్‌గివ్‌నెస్. బంతి ఎంత వేగంగా ఎంత దూరం పోతుందన్నది మొదటిది. కొట్టినప్పుడు చేతికీ చెవికీ ఎట్లా తెలుస్తుందన్నది రెండోది. మూడోదాన్ని మన మాటలో మన్నింపు అందాం. బంతి కర్ర ముఖానికి నడుమ తగలకుండా పక్కకు తగిలినా, ఆ తప్పుకు పూర్తి శిక్ష వేయకుండా ఎంతో కొంత వదిలిపెట్టడం. ప్రతి కంపెనీ తన కర్రలో మూడూ అందరికంటే ఎక్కువ అంటుంది. నేను వనపర్తి రాజావారి కోటలో నడిచే పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, ముప్పై నాలుగేళ్లు నాణ్యత తనిఖీలో ఉద్యోగం చేసినవాణ్ని. "అందరికంటే ఎక్కువ" అనే మాట వినబడితే నా చెయ్యి కొలబద్ద కోసం వెతుక్కుంటుంది.

కొలిచే ముందు ఆ వస్తువు ఎట్లా పనిచేస్తుందో తెలియాలి. అచ్చంపేట నుంచి వచ్చిన మిత్రులకు ఈ ముక్క నచ్చుతుంది. 1970ల దాకా డ్రైవరు తల చెక్కదే. అందుకే ఈ రకం కర్రలను ఇప్పటికీ "వుడ్" అనే పిలుస్తారు. ఆ చెక్క అమెరికాలో పెరిగే పర్సిమన్ చెట్టుది. వృక్షశాస్త్రంలో దాని ప్రజాతి పేరు డయోస్పైరోస్. నల్లమలలో ఎండాకాలం బీడీల కోసం ఆకు తెంపే మన తునికి చెట్టుదీ అదే ప్రజాతి. మనం పండ్లు తిని ఊరుకున్న చెట్టుకు చుట్టమే అక్కడ వందేళ్ల పాటు ఆటను నడిపించింది. 1979లో గ్యారీ ఆడమ్స్ అనే ఆయన టేలర్‌మేడ్ కంపెనీ పెట్టి, తలను ఉక్కుతో బోలుగా పోసి అమ్మాడు. 1991లో క్యాలవే కంపెనీ బిగ్ బెర్తా తెచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఫిరంగి పేరు అది. దాని తల 190 ఘన సెంటీమీటర్లు, అప్పటికి అదే భారీ. అయినా చెక్క అంత తొందరగా ఓడిపోలేదు. 1993లో బెర్న్‌హార్డ్ లాంగర్ మాస్టర్స్ గెలిచినప్పుడు అతని చేతిలో ఉన్నది చెక్క డ్రైవరే. తర్వాత టైటానియం వచ్చింది. ఉక్కు సాంద్రత 7.8 అయితే టైటానియం 4.5. అంటే అదే బరువులో తలను చాలా పెద్దది చేయవచ్చు. మన హైదరాబాదు కంచన్‌బాగ్‌లో మిధాని ఇట్లాంటి టైటానియం మిశ్రలోహాలనే రక్షణ, అంతరిక్ష రంగాలకు తయారుచేస్తుంది. నూటికి 90 పాళ్లు టైటానియం, 6 అల్యూమినియం, 4 వనేడియం కలిసిన లోహం రాకెట్టులోనూ ఉంటుంది, గోల్ఫ్ తలలోనూ ఉంటుంది.

తలలు పెరిగిపోతుంటే ఆట పెద్దలు కట్టడి పెట్టారు. ఈ కట్టడి అర్థమైతే సగం ప్రకటనలకు జవాబు దొరికినట్టే. 2004 నుంచి తల 460 ఘన సెంటీమీటర్లకు మించకూడదు. ముఖం ఎంత స్ప్రింగులా ఎగరగొట్టవచ్చో దానికీ హద్దు ఉంది. ఆ హద్దును దేనితో కొలుస్తారో తెలుసా? లోలకంతో! మనం తొమ్మిదో తరగతి ప్రయోగశాలలో దారానికి గుండు కట్టి ఊపామే, ఆ వరసదే. ఒక చిన్న ఉక్కు గుండును లోలకంలా ఊపి కర్ర ముఖానికి తగిలిస్తారు. అది ముఖాన్ని ఎన్ని మైక్రోసెకన్లు అంటిపెట్టుకుని ఉందో చూస్తారు. ముఖం ఎంత మెత్తగా వంగి లేస్తే అంత ఎక్కువ సేపు అంటుకుంటుంది. 239 మైక్రోసెకన్లు హద్దు, కొలతల్లో తేడాల కోసం ఇంకో 18 వదులుతారు. అది దాటితే ఆ కర్ర పోటీకి పనికిరాదు.

దీన్ని పాత లెక్కలో చెప్పాలంటే ప్రత్యవస్థాన గుణకం 0.83 దగ్గర ఆగిపోతుంది. తల బరువు దాదాపు 200 గ్రాములు, బంతి 46 గ్రాములకు కాస్త తక్కువ. అభిఘాతాల సూత్రంలో వేస్తే 1.83ను 1.23తో భాగించాలి, 1.49 వస్తుంది. అంటే తల వేగం గంటకు 100 మైళ్లయితే బంతి వేగం 149. నడుమ తగిలినప్పుడు ఏ కంపెనీ కర్ర అయినా అంతే. దాన్ని మించితే నిబంధన ఒప్పుకోదు, దానికి బాగా తగ్గేటట్టు ఏ పెద్ద కంపెనీ చేయదు. ఇరవై ఏళ్లుగా అందరూ ఆ గోడకు ఆనుకునే నిలబడ్డారు. కాబట్టి ముఖం నడుమ భాగానికి మనం వేలకు వేలు పోయనక్కరలేదు, అక్కడ అన్నీ అన్నదమ్ములే. డబ్బు పెట్టి కొనేది అంచులను. నడుమకు అంగుళం పక్కన తగిలితే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

పక్కకు తగిలితే తల చేతిలో మెలితిరుగుతుంది. మెలితిరిగితే వేగం పోతుంది, దిశ పోతుంది. తిరగకుండా ఆపేది జడత్వ భ్రామకం. ఈ మాట వినగానే ఆర్ట్స్ గ్రూపు మిత్రులు బయట టీ వైపు చూస్తున్నారు. కావడి సంగతి చెబుతాను, కూర్చోండి. రెండు కుండల నీళ్లు నెత్తిన ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న మనిషి గబుక్కున పక్కకు తిరగగలడు. అవే రెండు కుండలు కావడికి రెండు కొసలా వేలాడదీస్తే తిరగడం కష్టం, ఎవరైనా తోసినా తొందరగా తిరగడు. బరువు అదే, దూరంగా పెట్టారు అంతే. డ్రైవరులోనూ అంతే. పలుచని పెంకు చేసి, మిగిల్చిన బరువును వెనక కొసకూ అంచులకూ జరుపుతారు. దీనికీ హద్దుంది, నిలువు అక్షం చుట్టూ 5900 గ్రామ్ చదరపు సెంటీమీటర్లు, కొలత తేడాకు మరో 100. 2024లో కొన్ని కంపెనీలు నిలువు అక్షానిదీ అడ్డ అక్షానిదీ కూడి 10,000 దాటించామని "10కె" పేరుతో కర్రలు దించాయి. అబద్ధం కాదు. కానీ అందులో ఒక మెలిక ఉంది, చెబుతాను.

ఇంకో చిన్న వింత కూడా ఉంది. డ్రైవరు ముఖం చదునుగా ఉండదు, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. బంతి కొసవైపు తగిలితే తల ఒకవైపు తిరుగుతుంది, దాన్ని అంటుకున్న బంతి పళ్ల చక్రంలా రెండోవైపు తిరుగుతుంది. కుడిచేతి వాటం మనిషి కొసకు కొడితే బంతి కుడికి బయలుదేరి, ఆ తిప్పుడుతో ఎడమకు వంగి మళ్లీ నడుమకు వస్తుంది. ఉబ్బెత్తు లేకపోతే ఎడమ హద్దు దాటేది. ఈ మన్నింపు చెక్క డ్రైవర్ల కాలం నుంచే ఉంది. కంపెనీల కంటే ముందే వడ్రంగి కనిపెట్టాడు. ముఖంలో కింది భాగానికి తగిలితే మాత్రం బంతికి వెనక్కి తిరుగుడు ఎక్కువై, పైకి లేచి దూరం పోతుంది. దానికి ఉబ్బెత్తు కూడా పెద్దగా సాయం చేయదు.

ఇప్పుడు మెలిక. బరువు వెనక్కి జరిపితే మన్నింపు పెరుగుతుంది. కానీ బంతి ఎత్తుగా లేచి, తిరుగుడు ఎక్కువయ్యే గుణం కూడా వస్తుంది. బలంగా కొట్టేవాడికి అది నష్టం, ఎదురుగాలిలో బంతి గాలిపటంలా పైనే నిలబడుతుంది. బరువు ముందుకు తెస్తే తిరుగుడు తగ్గి దూరం పెరుగుతుంది, మన్నింపు పోతుంది. రెండూ నూటికి నూరు ఇచ్చే కర్ర లేదు. మన పిల్లవాడు పలుచగా ఉంటాడు గాని కర్ర మహా వేగంగా తిప్పుతాడు. కాబట్టి "మన్నింపు ఎక్కువున్నది కొనెయ్" అన్నంత తేలిక కాదు.

మూడు కర్రలు పరీక్షకు పెట్టాం. మొదటిది ఆ ఏడాది కొత్తగా వచ్చింది, బరువు ముందుకు ఉన్నది. రెండోది కూడా కొత్తదే, మన్నింపు పెద్దది. ఈ రెండూ 50 వేలకు పైమాటే. మూడోది రెండేళ్ల కిందటి రకం, ఒకరు వాడి అమ్మకానికి పెట్టింది, రెండింటికీ మధ్యస్థం, కర్ర కాడ కొంచెం బరువైనది, అర అంగుళానికి పైగా పొట్టిది. కంపెనీ పేర్లు చెప్పను. ఈ పిల్లవాడికి నప్పింది ఇంకొకరికి నప్పదు, నా మాట పట్టుకుని ఎవరైనా కొంటే వాళ్ల ఇంట్లో నాకు టీ కూడా దొరకదు.

తలల పైన పేర్లు కనబడకుండా నల్ల టేపు అంటించాను. పిల్లవాడు నవ్వాడు. "సార్, పేరు చూసి కొడ్తనా నేను?" అన్నాడు. పేరు చూసే అందరం కొడతాం, అది మన తప్పు కాదు, అందుకే టేపు. ఒకే రకం బంతులు తీసుకున్నాం. ఒక్కో కర్రతో పదిహేను బంతులు, కానీ పదిహేనూ ఒక్కసారే కాదు. మొదటిది ఐదు, రెండోది ఐదు, మూడోది ఐదు, తర్వాత వరస మార్చి మళ్లీ. లేకపోతే చివర వచ్చిన కర్రకు అలసట అంటుకుంటుంది. రాడార్ యంత్రం వేగం, ఎత్తు, తిరుగుడు, పడ్డ చోటు చెబుతుంది. ముఖం మీద ఎక్కడ తగిలిందో తెలియడానికి బంతి మీద వైట్‌బోర్డు మార్కరుతో గీత గీశాం. కొట్టగానే ఆ సిరా కర్ర ముఖానికి అంటుతుంది. ఐదు దెబ్బలకోసారి ఫోనుతో ఫోటో తీసి తుడిచేశాం.

ఆరో బంతో ఏడో బంతో గతి తప్పి కుడికి పోయింది. యంత్రం దగ్గర కూర్చున్న అబ్బాయి మంచివాడే. "ఇది సరిగ్గా తగల్లేదు సార్, తీసేద్దాం" అని మీట మీద వేలు పెట్టాడు. వద్దన్నాను. ఇక్కడ మన భౌతికశాస్త్రం సారును తలచుకోవాలి, ఈ రోజు మన మధ్య లేరు. లఘులోలకం ప్రయోగంలో పది రీడింగులు తీసుకోమనేవారు. అచ్చొచ్చిన తొమ్మిది రాసి తప్పొచ్చిన ఒకటి రబ్బరుతో చెరిపితే, పుస్తకం ఎండకు ఎత్తి చెరిపిన చోటు చూసేవారు. "కొట్టేయి, కాని కొట్టేసింది నాకు కనబడాలె" అనేవారు. గోల్ఫ్ పోటీలో ఆ బంతిని ఎవరూ తీసెయ్యరు. హద్దు దాటిందా, రెండు దెబ్బల నష్టం. మనకు కావలసిన సమాచారం అంతా అబ్బాయి తీసెయ్యబోయిన బంతిలోనే ఉంది.

అట్లాగని ఒక్క బంతిని చూసి కర్రను తిట్టడమూ సరికాదు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజు సాహిత్ తీగల పదిహేడో గుంత దగ్గర కొట్టిన మొదటి దెబ్బ ముందుకే పోయింది. నేల మీద పడి ఎడమకు ఎగిరి నీళ్లలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో టైబ్రేకు అవకాశం పోయింది. ఒక్క బంతి అదృష్టం చెబుతుంది, పదిహేను బంతులు కర్ర గుణం చెబుతాయి. ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది, గానీ మనిషి నడుము ఒకటుంది కదా.

ఫలితం. ఆ రోజు మొత్తంలో అన్నిటికంటే దూరం పోయిన బంతి మొదటి కర్రదే. చూసినవాళ్లందరూ అబ్బా అన్నారు. కాని దాని పదిహేను బంతులూ కాగితం మీద చుక్కలు పెడితే విసనకర్రలా పరుచుకున్నాయి, మూడు హద్దు అవతల. రెండోది అడ్డంగా చూస్తే దగ్గర దగ్గరగా పడ్డాయి, నిజంగా మన్నించింది. కాని బంతులు పైకి పైకి లేచాయి, పొద్దెక్కి గాలి మొదలయ్యాక బాగా వెనకబడ్డాయి. మూడోది దూరంలో మొదటిదాని కంటే పది గజాలు అటుఇటుగా తక్కువ. పది గజాలంటే తర్వాతి దెబ్బకు 9 నంబరు ఐరన్ బదులు 8 నంబరు తీసుకోవడం, అంతకు మించి ఏమీ లేదు. హద్దు దాటింది ఒక్కటీ లేదు.

నన్ను ఆపింది ఆ చుక్కల కాగితం కాదు, ముఖం ఫోటోలు. మొదటి రెండు కర్రల ముఖం మీద సిరా గుర్తులు కొస నుంచి మడమ దాకా చెదిరి ఉన్నాయి. మూడోదాని మీద రూపాయి బిళ్ల రెండు పెడితే దాదాపు అన్నీ కప్పుకుపోయేటట్టు ఉన్నాయి. అంటే అది తప్పును మన్నించడం కంటే ముందు, తప్పు చేయకుండా చూస్తోంది. ప్రకటనల్లో ఈ గుణానికి పేరే లేదు.

ఇక్కడ నా ఉద్యోగం నన్ను ఊరుకోనివ్వలేదు. ఆ గొప్ప తలదా, పొట్టి కాడదా? కాడ పొట్టిగా ఉంటే ఎవరికైనా నడుమ కొట్టడం తేలిక. ఒకేసారి రెండు మార్చి ఫలితం ఒకదానికి కట్టబెట్టకూడదు. మరుసటి వారం మళ్లీ పోయి, మొదటి తలకు అంతే పొడుగు, దాదాపు అంతే బరువున్న కాడ వేయించి కొట్టించాను. సిరా గుర్తులు చాలావరకు దగ్గరకు వచ్చాయి. విసనకర్ర సగం ముడుచుకుంది. అంటే గొప్పలో పెద్ద భాగం కాడదే. తలల మధ్య మిగిలిన తేడా ధరల తేడాకు తగినంత లేదు. నేను ఈ సంగతి చెప్పినప్పుడు అంగడి అబ్బాయి ముఖం కాస్త చిన్నబోయింది. అతనికీ కమిషన్ ఉంటుంది, పాపం.

ఇక ఫీల్. దీన్ని నేను మొదట పెద్దగా పట్టించుకునే మనిషిని కాదు. బంతి కర్రకు అంటుకుని ఉండేది సెకనులో దాదాపు రెండువేలవ వంతు. చేతి నుంచి మెదడుకు కబురు అందేసరికి బంతి కర్రను వదిలి మీటరు దాటిపోయి ఉంటుంది. కాబట్టి కొట్టేటప్పుడు అనిపించింది బంతికి ఏ సాయమూ చేయదు. పైగా అనిపించేదాంట్లో చాలా భాగం చప్పుడే. బోలు టైటానియం గంటలా మోగుతుంది. ఆ మోత చెవికి ఇంపుగా ఉండాలని లోపల సన్నని పక్కటెముకలు పోసి శ్రుతి చేస్తారు. పైకప్పు కార్బన్‌తో చేస్తే చప్పుడు మెత్తబడుతుంది. 2022లో టేలర్‌మేడ్ ముఖాన్నే కార్బన్‌తో చేసింది. 2007లో నైకీ నలుచదరపు తల డ్రైవరు తెస్తే, దాని మన్నింపు గురించి కన్నా దాని రేకు డబ్బా చప్పుడు గురించే జనం ఎక్కువ మాట్లాడుకున్నారు. పరీక్ష మధ్యలో పిల్లవాడి చెవుల్లో దూది పెట్టించి ఐదైదు బంతులు కొట్టించాను. రెండో కర్ర అస్సలు నచ్చలేదన్నవాడు, దూది పెట్టుకున్నాక "ఇది ఏ కర్ర సార్? బాగుంది కదా" అన్నాడు.

ఇదంతా చెప్పి ఫీల్ అనేది ఉత్త భ్రమ అనబోతే వాళ్ల నాన్న అడ్డుపడ్డాడు. ఆ రోజు గద్వాల నుంచి బస్సులో వచ్చి, వెనక బెంచీ మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. "అన్నా, నీ యంత్రం మంచిదే. కాని నేను నూలు ముట్టుకుంటే కౌంటు చెప్తా. అది భ్రమనా?" అన్నాడు. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే పోగుకు పోగు కలిపే పనిని కుప్పడం అంటారు. ఆ కలిపిన చోటు చూపుకు ఎంత బాగున్నా, వేలితో తడిమితేనే బిగువు తెలుస్తుంది. నడిగడ్డలో నేత తెలిసిన ఇల్లాలు చీర విప్పగానే ముందు ఆ చోటే వేలితో రాస్తుంది. "చెయ్యి నమ్మకపోతే నాడె విసిరేటప్పుడు వెనక్కి గుంజుతది. వెనక్కి గుంజితే అంచు పోతది" అన్నాడు. నేను రాసుకున్న మాటలన్నిటికంటే ఇది విలువైనది. కర్ర మీద నమ్మకం లేని ఆటగాడు దెబ్బ మధ్యలో చెయ్యి బిగపట్టి బంతిని దారి మళ్లించబోతాడు. అప్పుడు 5900 అయినా 10,000 అయినా కాపాడదు. చేతికి అనిపించేది బంతి మీద పనిచేయదు, నిజమే. తర్వాతి దెబ్బ కొట్టే మనిషి మీద పనిచేస్తుంది.

అందుకని రెండో వారం పరీక్ష అయ్యాక, టేపు తియ్యకుండానే పిల్లవాడిని అడిగాను. హద్దు పక్కన నీళ్లు ఉన్నాయి, చివరి గుంత, ఒక్క దెబ్బ ఆధిక్యంలో ఉన్నావు, ఏది తీస్తావు? ఆలోచించలేదు, మూడోది తీశాడు. అంకెలు కూడా అదే చెబుతున్నాయి కాబట్టి నాకు తగాదా లేకపోయింది. రెండూ వేరువేరు చెబితే ఏం చేసేవాడివని మన కార్యదర్శి గారు నిన్న అడిగారు. పిల్లవాడి చేతినే వినేవాణ్ని, కాని ఇంకో వారం చూసి.

ఇక రూపాయల లెక్క. వచ్చిన చందా 60 వేలు. కర్రకు 24 వేలు. కాడ సరిచేయించి కొత్త పట్టు వేయించినందుకు 3 వేలు. రెండు ఉదయాలు యంత్రానికీ బంతులకూ కలిపి 5 వేలు. ఖర్చు 32 వేలు, మిగిలింది 28 వేలు. ఇది అర్హత పోటీ రుసుముకూ ప్రయాణానికీ ఉంచుదామని కార్యవర్గం తీర్మానం చేసింది. రసీదులు, చుక్కల కాగితాలు, ముఖం ఫోటోలు అన్నీ కోశాధికారి గారి ఫైలులో ఉన్నాయి. చెడ్డ బంతులతో సహా. ఎవరైనా చూడవచ్చు. కొత్త రకం కొంటే గొప్పగా ఉండేది కదా అని ఒకరిద్దరికి అసంతృప్తి ఉందని తెలుసు. వాళ్లు ఫోటోలు చూశాక మాట్లాడదాం.

పిల్లవాడు ఈ రోజు రాలేకపోయాడు, ఆదివారం మైదానంలో రద్దీ ఎక్కువ, సంచులు మోయాలి. చీలిన ముఖం ఉన్న పాత డ్రైవరును మాత్రం పంపాడు, బయట ప్రదర్శన బల్ల మీద ఉంది. భోజనాలయ్యాక ఊపి చూడాలనుకునేవాళ్లు మైదానం తూర్పు వైపు పోవాలి. బంతి లేకుండానే. పదో తరగతి గది కిటికీలకు పోయిన నెలే కొత్త అద్దాలు వేయించారని ప్రధానోపాధ్యాయులు మరీ మరీ చెప్పమన్నారు.